వద్దనకండి, పక్కన కూర్చోండి: ఇంట్లో ఓవర్‌క్లాకింగ్



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద సంతకం చేశాక కూడా ఒక అమ్మ కుర్చీలోంచి లేవలేదు. "మార్కుల గురించి కాదు మేడమ్. మా అమ్మాయి కంప్యూటర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తానంటోంది. వాళ్ల నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇంకా ఏడు నెలల ఈఎంఐ ఉంది. నిజంగా కాలిపోతుందా?" అని అడిగారు. వెనక ఇంకా ఇద్దరు నిలబడి ఉన్నారు. "ప్రస్తుతానికి ఆగమనండి, కనుక్కుని చెబుతాను" అని పంపించేశాను.

ఆ జవాబు నాకే నచ్చలేదు. నిజానికి కనుక్కోవాల్సిందేమీ లేదు. ఆ పని నేనూ ఒకసారి చేశాను, తప్పుగా చేశాను.

డిగ్రీ రెండో సంవత్సరం వేసవి సెలవులు. అన్నయ్య ఊళ్లో లేని రోజు చూసి, వాడి కంప్యూటర్లో ఏదో వీడియోలో చూసిన అంకెలు అలాగే కొట్టేశాను. స్క్రీన్ నల్లబడిపోయింది. ఎంతసేపు బటన్ నొక్కినా ఫ్యాన్ తిరుగుతోంది కానీ బొమ్మ రాదు. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, అన్నం సహించలేదు. మూడో రోజు రిపేర్ షాపుకి తీసుకెళితే, ఆయన ప్లగ్ తీసేసి, మదర్‌బోర్డ్ మీది గుండ్రటి చిన్న బ్యాటరీని బయటికి తీసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టాడు. కంప్యూటర్ మామూలుగా ఆన్ అయింది. "మార్చేముందు పాత సెట్టింగ్ ఎక్కడైనా రాసుకున్నావామ్మా?" అని మాత్రం అడిగాడు. రాసుకోలేదు.

నేను చేసిన తప్పు వేగం పెంచడం కాదు. ఒకేసారి అంతా మార్చడం, ఏదీ రాసుకోకపోవడం, ఎవరికీ చెప్పకపోవడం. ఈ నెల పాఠం ఆ మూడింటి గురించే.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటి?

ప్రాసెసర్ ఒక తాళానికి పనిచేస్తుంది. ఆ తాళాన్ని క్లాక్ అంటారు. 3.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 340 కోట్ల తాళాలు. ఈ సంఖ్య రెండు అంకెలను గుణిస్తే వస్తుంది. బేస్ క్లాక్ సాధారణంగా 100 మెగాహెర్ట్జ్, దాన్ని గుణించే అంకె మల్టిప్లయర్. 100ని 34తో గుణిస్తే 3400 మెగాహెర్ట్జ్, అంటే 3.4 గిగాహెర్ట్జ్. ఆ 34ని 36 చేస్తే 3.6. ఓవర్‌క్లాకింగ్ అంటే ముఖ్యంగా ఇంతే. తయారీదారు హామీ ఇచ్చిన వేగం కంటే ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ని నడపడం.

వేగం పెరిగే కొద్దీ ప్రాసెసర్ తడబడకుండా ఉండటానికి కొంచెం ఎక్కువ వోల్టేజ్ కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు క్లాక్ వేగానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది, వోల్టేజ్ విషయానికొస్తే దాని వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. పిల్లలతో ఈ లెక్క చేయించండి. వేగం 10 శాతం, వోల్టేజ్ 10 శాతం పెంచామనుకోండి. 1.1ని మూడుసార్లు గుణిస్తే 1.331. అంటే 10 శాతం వేగం కోసం 33 శాతం అదనపు విద్యుత్తు. అదంతా చివరికి వేడిగానే బయటికి రావాలి.

మరి కాలిపోతుందా? ఇప్పటి ప్రాసెసర్లు హద్దు మీరి వేడెక్కితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. కాబట్టి సినిమాల్లోలా పొగలు రావడం అరుదు. అసలు భయపడాల్సింది నెలల తరబడి అవసరానికి మించి ఇచ్చే వోల్టేజ్‌కి. అది లోపలి సన్నని దారులను మెల్లగా అరగదీస్తుంది, అరిగినట్టు బయటికి కనపడదు. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని, ఓవర్‌క్లాక్ చేయకపోయినా, తరచూ క్రాష్ అవుతున్నాయని వార్తలొచ్చాయి. అవసరానికి మించిన వోల్టేజ్ అడగడమే కారణమని ఇంటెల్ చెప్పి, బయోస్ అప్‌డేట్ల ద్వారా దిద్దుబాటు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. మీ ఇంట్లో ఆ తరం ప్రాసెసర్ ఉంటే ఓవర్‌క్లాకింగ్ మాట పక్కనపెట్టి ముందు ఆ అప్‌డేట్ చేయించండి.

ముందుగా చూసుకోవాల్సిన ఐదు విషయాలు

1. మీ ప్రాసెసర్ ఒప్పుకుంటుందా? ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్నవాటికే మల్టిప్లయర్ తెరిచి ఉంటుంది. దానితోపాటు జెడ్790 లాంటి జెడ్ శ్రేణి మదర్‌బోర్డ్ కూడా ఉండాలి. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి తెరిచే ఉంటుంది, కానీ బి450, బి550 లాంటి బోర్డులు ఒప్పుకుంటాయి, ఏ320, ఏ520 ఒప్పుకోవు. సీపీయూ-జీ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే రెండు పేర్లూ కనపడతాయి. ల్యాప్‌టాప్ అయితే ఈ పాఠం మీకు కాదు. స్కూల్ ల్యాబ్ కంప్యూటర్లకు అసలే కాదు!

2. వారంటీ. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టానికి ప్రాసెసర్ తయారీదారుల వారంటీ వర్తించదు. ఇంకా వారంటీలో ఉన్న, ఈఎంఐ కడుతున్న కంప్యూటర్ మీద ప్రయోగాలు వద్దన్నదే నా సలహా. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే దానితో మొదలుపెట్టండి.

3. కూలర్. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న కూలర్ మామూలు వేగానికి సరిపోయేలా ఇస్తారు. వేగం పెంచాలంటే పెద్ద హీట్‌సింక్ ఉన్న కూలర్ కావాలి. దాన్ని బిగించేటప్పుడు థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత చాలు.

4. కరెంట్. కంప్యూటర్ ప్లగ్‌కి ఎర్తింగ్ ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ పేరున్న కంపెనీది అయితే మంచిది. ఆ పెట్టెను మాత్రం పిల్లలు గానీ మీరు గానీ ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచే ఉంటుంది. బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు కరెంట్ పోతే మదర్‌బోర్డ్ పనికిరాకుండా పోవచ్చు కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

5. డేటా. ఓవర్‌క్లాక్ సరిగ్గా కుదరకపోతే ఫైళ్లు చెడిపోవచ్చు. ఫోటోలు, ప్రాజెక్టులు, బ్యాంకు కాగితాలు ముందే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

ఎలా చేయాలి: ఒక ఉదాహరణ

ఉదాహరణకు 2018లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 2600 తీసుకుందాం. దీనికి ఆరు కోర్లు, బేస్ వేగం 3.4 గిగాహెర్ట్జ్, తనంతట తాను వెళ్లగలిగే గరిష్ఠ వేగం 3.9, ఉష్ణోగ్రత హద్దు 95 డిగ్రీలు. ఒక్క కోర్ పనిచేసేటప్పుడే అది 3.9 దగ్గరికి వెళుతుంది. ఆరూ కలిసి కష్టపడేటప్పుడు అంతకన్నా తక్కువకే ఆగిపోతుంది. కింద ఇచ్చిన అంకెలు ఈ ప్రాసెసర్‌కే. వేరే ప్రాసెసర్‌కి ఇవే కొట్టకండి.

మొదటి మెట్టు: ఏమీ మార్చకుండా కొలవడం. ఒక నోట్‌బుక్ తీసుకుని తేదీ, గది ఉష్ణోగ్రత రాయించండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ప్రాసెసర్ ఉష్ణోగ్రత తెలుస్తుంది. సినీబెంచ్ అనే పరీక్షను పది నిమిషాలు నడిపి, వచ్చిన స్కోర్, అత్యధిక ఉష్ణోగ్రత, ఆ సమయంలో ఉన్న వేగం రాయాలి. ఏమీ మార్చకముందే 80 డిగ్రీలు దాటుతుంటే అక్కడే ఆగండి. ముందు దుమ్ము, ఫ్యాన్, థర్మల్ పేస్ట్ సంగతి చూడాలి.

రెండో మెట్టు: పాత సెట్టింగ్‌లకు ఫోటో. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీయించండి. నేను చేయని పని ఇదే.

మూడో మెట్టు: చిన్న మార్పు. మల్టిప్లయర్‌ని 37 చేసి, వోల్టేజ్‌ని ఆటోలో వదలకుండా 1.25 అని చేత్తో ఇవ్వాలి. ఆటోలో వదిలితే కొన్ని బోర్డులు అవసరానికి మించి ఇచ్చేస్తాయి. సేవ్ చేసి, విండోస్‌లోకి వచ్చి, మళ్లీ పది నిమిషాల పరీక్ష, మళ్లీ నోట్‌బుక్.

నాలుగో మెట్టు: ఒక్కొక్కటే. బాగుంటే 38, ఆ తర్వాత 39. కంప్యూటర్ ఆగిపోయినా, నీలం స్క్రీన్ వచ్చినా, పరీక్షలో తప్పు చూపించినా రెండే దారులు. ఒక అడుగు వెనక్కి రావాలి, లేదా వోల్టేజ్‌ని 0.025 మాత్రమే పెంచి మళ్లీ చూడాలి. రెండూ ఒకేసారి మార్చకూడదు. మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఈ ప్రాసెసర్‌కి 1.35 వోల్టులు, 85 డిగ్రీలు అని నేను రెండు గీతలు పెట్టుకున్నాను. తయారీదారు హద్దు 95 అయినా, మొదటిసారి చేసేవాళ్లకు పది డిగ్రీలు మిగిలి ఉండటం మంచిది.

ఐదో మెట్టు: ఓపిక పరీక్ష. ప్రైమ్95 అనే ప్రోగ్రామ్‌ని రెండు గంటలు నడపాలి. దీని వెనక గణితం ఉంది. 1996లో మొదలైన ఒక ప్రాజెక్టులో, ప్రపంచం నలుమూలల కంప్యూటర్లతో పెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడానికి దీన్ని తయారుచేశారు. సరైన జవాబు ముందే తెలిసిన లెక్కలను ప్రాసెసర్‌తో చేయించి సరిపోలుస్తుంది. ఒక్క అంకె తేడా వచ్చినా పట్టుకుంటుంది. పగటిపూట, పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. రాత్రి నడుస్తూ వదిలేసి పడుకోవద్దు.

డిగ్రీ నాటి భయం పోవాలని ఉద్యోగంలో చేరాక నేను మళ్లీ చేసింది ఈ ప్రాసెసర్ మీదే, వేరే కూలర్ కొని పెట్టి. నా నోట్‌బుక్‌లో ఉన్నది ఇది. ఏమీ మార్చకముందు ఆరు కోర్ల మీద వేగం సుమారు 3.7, ఉష్ణోగ్రత 64. తర్వాత 3.9 వేగం, 1.3 వోల్టులు, 72 డిగ్రీలు. ఆపైన 4.0 పెడితే ప్రైమ్95లో పన్నెండు నిమిషాలకే తప్పు వచ్చింది. 3.9కి తిరిగి వచ్చి ఆగిపోయాను. ఒకే మోడల్ ప్రాసెసర్లు రెండు తెచ్చినా రెండూ ఒకలా ఉండవు. పక్కింటి అబ్బాయిది 4.1 వెళ్లింది కదా అని మనది వెళ్లాలని లేదు. ఈ మాట పిల్లలకు ఇతర విషయాల్లోనూ పనికొస్తుంది, మనకూ పనికొస్తుంది.

ఇంతా చేస్తే వచ్చే లాభం ఎంత? 3.7 నుంచి 3.9కి వెళితే, పది నిమిషాలు పట్టే వీడియో ఎక్స్‌పోర్ట్‌లో మహా అయితే అరనిమిషం మిగులుతుంది. చాలా ఆటల్లో వేగం గ్రాఫిక్స్ కార్డ్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి అక్కడ తేడా కనపడకపోవచ్చు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. లాభం అంతేనని తెలిశాక కూడా చేస్తానంటే, ఆ బిడ్డకు కావాల్సింది వేగం కాదు, లోపల ఏముందో తెలుసుకోవడం. దాన్ని మనం ఆపకూడదు.

మన ఎండలు మరిచిపోవద్దు

కూలర్ గది గాలితోనే ప్రాసెసర్‌ని చల్లబరుస్తుంది. గది కంటే ప్రాసెసర్ 45 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకోండి. డిసెంబరులో గది 22 ఉంటే ప్రాసెసర్ 67 దగ్గర ఉంటుంది. అదే సెట్టింగ్, అదే కూలర్, మే నెలలో గది 40కి చేరితే 85. విజయవాడ, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. సంక్రాంతి సెలవుల్లో కుదిరిన ఓవర్‌క్లాక్‌ని ఏప్రిల్లో మళ్లీ పరీక్షించాలి. అవసరమైతే వేసవి నెలలు మామూలు వేగానికి వెళ్లిపోవాలి. దానికి నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఉండనే ఉంది.

స్క్రీన్ నల్లబడితే

కంగారు పడకండి, పిల్లల మీద అరవకండి. చాలా బోర్డులు రెండు మూడు ప్రయత్నాల తర్వాత తామే పాత సెట్టింగ్‌కి వెళ్లిపోతాయి. వెళ్లకపోతే కంప్యూటర్ ఆపి, ప్లగ్ పూర్తిగా తీసి, మదర్‌బోర్డ్ మీది గుండ్రటి బ్యాటరీని ఐదు పది నిమిషాలు బయటపెట్టి మళ్లీ అమర్చండి. సెట్టింగ్‌లు మొదటికొస్తాయి. కాలిన వాసన గానీ, నిప్పురవ్వలు గానీ వస్తే మాత్రం గోడ దగ్గరి స్విచ్ ఆపేయండి. అది ఇంట్లో చూసుకునే పని కాదు, షాపుకి తీసుకెళ్లండి.

తల్లిదండ్రులు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఈ సెట్టింగ్‌లన్నీ మీకు అర్థం కానవసరం లేదు. పక్కన కుర్చీ వేసుకుని ఇవి అడిగితే చాలు.

ఇప్పుడు ఏం మార్చావు? ఒకటి కంటే ఎక్కువ చెబితే వెనక్కి వెళ్లమనండి.
వేడి ఎంత ఉంది? "బాగానే ఉంది" అనేది జవాబు కాదు, అంకె చెప్పాలి.
ఎక్కడ ఆగుతావు? ఇది మొదలుపెట్టకముందే చెప్పాలి.
మళ్లీ పాతలా ఎలా చేస్తావు? దీనికి జవాబు లేకపోతే ఆ రోజుకి కంప్యూటర్ కట్టేయండి.

సైన్స్ ల్యాబ్‌లో మేం నేర్పేదీ ఇదే. ఒకటే మార్చు, కొలువు, రాయి, తేడా వస్తే వెనక్కి రా. దీనికోసం పరీక్షల నెల మాత్రం ఎంచుకోవద్దు.

ఇక ఆ అమ్మాయి సంగతి. మర్నాడే వాళ్లమ్మగారికి ఫోన్ చేసి, సీపీయూ-జీ స్క్రీన్ ఫోటో పంపమన్నాను. కోర్ ఐ5-10400, హెచ్410 బోర్డ్. పేరు చివర కె లేదు, బోర్డ్ జెడ్ కాదు. వాళ్లింట్లో ఇన్నాళ్లూ జరిగిన గొడవంతా అసలు వీలే కాని పని గురించి! అమ్మాయి బాగా నిరాశపడింది. అయినా మొదటి మెట్టు చేయమన్నాను. పరీక్షలో 91 డిగ్రీలు వచ్చింది. కేబినెట్ బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది, ఫ్యాన్ నిండా దుమ్ము. ఆదివారం నాన్నగారే ప్లగ్ తీసి, కేబినెట్ తెరిచి, కూతురు చెబుతుంటే బ్రష్‌తో శుభ్రం చేశారట. బీరువా పక్కనుంచి బయటికి జరిపారు. మళ్లీ పరీక్షిస్తే 74. రెండు అంకెలూ నోట్‌బుక్‌లో తేదీలతో సహా రాసి ఫోటో పంపింది. రెండో ర్యామ్ స్టిక్ కొంటే ఎంత తేడా వస్తుందో ఇప్పుడు తండ్రీ కూతుళ్లు కలిసి లెక్క వేస్తున్నారట.

మీ ఇంట్లోనూ ఇలాంటి నోట్‌బుక్ మొదలైతే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి తీసుకురండి. ఈసారి వెనక ఎంతమంది నిలబడి ఉన్నా కూర్చుని చూస్తాను.

మీ పిల్లల కంప్యూటర్ టీచర్